చేతికి వచ్చిన వాక్యం

కొత్తపాలెం, నాగాయలంక మీదుగా
4 జనవరి 1998

గౌసియాకు,

రంజాను ఉపవాసాల్లో ఉన్నదానికి తిండి కబుర్లు రాయకూడదని తెలుసు. అందుకని క్రిస్మస్‌కి చేసిన అరిసెల సంగతి దాటేస్తున్నాను. బాగా కుదిరాయి.

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఏం జరుగుతుందో నీకు పాతికేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఇత్తడి పళ్లెంలో వాగ్దానం కార్డులు పెడతారు. ఇంటికొకరు వచ్చి చూడకుండా ఒకటి తీసుకుంటారు. దాని మీదున్న వాక్యం ఆ ఇంటికి ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. ఆ కార్డులు రాసేది నేను, నా పాళీ కలంతో. ఊళ్లో నూటపన్నెండు ఇళ్లు, నూటపన్నెండు వాక్యాలు. నూటపదమూడోది నీకు, భవానీపురానికి, పోస్టులో.

ఈ ఏడు అన్నిటి మీదా ఒకటే వాక్యం రాశాను.

మొదట సంఘపెద్ద ఇశ్రాయేలు తీశాడు. అతనికి ఏటా కొట్లు నిండే వాక్యమో, శత్రువులు పారిపోయే వాక్యమో పడాలి. కార్డును దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ దూరంగా పట్టుకుని చదివాడు. నేను మారనివాణ్ణి గనకే మీరింకా నాశనం కాకుండా మిగిలారని దేవుడు చెప్పిన మాట. తర్వాత శౌరమ్మ తీసింది. ఆవిడకు చదువు రాదు, ఇశ్రాయేలు చేతికిచ్చింది. "ఇదీ అదేనండీ," అన్నాడతను. మూడోది అదే. నాలుగోది అదే. అయిదో కార్డుకి పిల్లలు నవ్వడం మొదలెట్టారు.

మా పాస్టరు లాజరుగారు కొత్తాయన, ముప్పై నిండలేదు. "టీచరుగారూ, ఏదైనా పొరపాటు జరిగిందాండీ?" అన్నాడు మెల్లిగా.

పొరపాటు. నాకు. లేచి నిలబడ్డాను.

"పొరపాటేం కాదండీ. వీటిని మీరు లాటరీ టిక్కెట్లు చేసి పెట్టారు. పోయినేడు ఇద్దరు కార్డులు మార్చుకున్నారు. ఒకాయన మంచిది రాలేదని రెండోది తీశాడు, పేరు చెప్పను, ముందు వరసలోనే కూర్చున్నాడు. మీ కార్డు మారితే దేవుడు మారతాడా? అందుకని అందరికీ ఒకటే రాశాను."

ముప్పైరెండేళ్లు పాఠాలు చెప్పిన గొంతు గదా, వెనక వరసకి కూడా వినపడింది. దయామణి అని పేరు పెట్టిన మా నాన్న అక్కడుంటే తల దించుకునేవాడు. నేను మాత్రం దించుకోలేదు.

చివర్లో నా వంతు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. లెక్క ఎక్కడో తప్పింది. లెక్కలు నీ శాఖ గదా. నీ కార్డు ఇందులో పెట్టాను.

నీ
దయామణి


భవానీపురం, విజయవాడ
20 జనవరి 1998

దయా,

సలాం. అరిసెల మాట దాటేసిన విధానం చూసి కడుపు నిండింది. దేవుడు నీకు ఇవ్వాల్సింది ఇస్తాడు.

నా కార్డు అందింది. ఒకటి కాదు, రెండు, ఒకదానికొకటి అంటుకుని వచ్చాయి. నీ లెక్క తప్పింది ఇక్కడ.

లెక్కల టీచరుగా నాకొక సందేహం. అందరికీ ఒకే మాట చెప్పాలనుకుంటే నల్లబల్ల మీద ఒక్కసారి రాస్తే సరిపోయేది. నూటపదమూడు సార్లు ఎందుకు రాశావు? సుద్దముక్క సగానికి విరిచి దాచుకునే మనిషివి నువ్వు. ఒక్కసారికి తీరే పనికి అంత సిరా పోస్తావా?

రెండో సంగతి. నీ చేతిరాత చూపించి హెడ్మిస్ట్రెసు నన్ను తిట్టిన రోజులు నేను మర్చిపోలేదు. కింద గీత లేకుండానే గీత మీద నడిచే అక్షరాలు అవి. ఈ ఉత్తరంలో పంక్తులు కొండపల్లి ఖిల్లా ఎక్కుతున్నాయి. రెండో కార్డులోనైతే మూడో వరస మీద నాలుగో వరస కూర్చుంది. ఏమైంది?

మూడోది వాక్యం గురించి. దేవుడు మారడంటే మా ఇంట్లో ఎవరూ కాదనరు. కానీ మీరు ఆయన మనిషై పుట్టాడంటారు. పశువుల తొట్లో పడుకున్నాడు, ఆకలేసింది, ఏడ్చాడు అంటారు. అది మార్పు కాక ఏంటి? ఇదే ప్రశ్న 1966లో స్టాఫ్ రూములో అడిగాను. అప్పుడు గంట కొట్టారు, నువ్వు అటెండెన్స్ రిజిస్టరు పట్టుకుని తప్పించుకున్నావు. ఇప్పుడు గంట కొట్టేవాళ్లు లేరు. జవాబు రాయి.

నీ
గౌసియా


కొత్తపాలెం
16 ఫిబ్రవరి 1998

గౌసియాకు,

ఈద్ ముబారక్, ఆలస్యంగా.

పాళీ అరిగింది. ఒళ్లో అట్ట పెట్టుకుని రాశాను. పైగా ఈ కాగితం నునుపు. మూడు కారణాలు ఇచ్చాను, నీకు నచ్చింది తీసుకో.

ఇక్కడ నా పేరు మోగిపోతోంది, కాస్త విను. లాజరుగారు నా కార్డు మీద మూడు ఆదివారాలు వరసగా ప్రసంగం చేశాడు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని ఇంటికొచ్చి మరీ అడిగాడు. ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్లు నిండాయి, అందుకని రాశానన్నాను. డెబ్బై ఏడు నవంబరులో సముద్రం ఊరి మీదికొచ్చిపోయాక మా ఊళ్లో మిగిలినవి ముప్పైనాలుగు ఇళ్లు. ఆ జనవరిలో ముప్పైనాలుగింటికీ ఇదే వాక్యం రాసిచ్చాను. ఆ మాట వినగానే కుర్రాడి కళ్లు చెమ్మగిల్లాయి. కరపత్రం అచ్చు వేయిస్తానన్నాడు.

అంతటితో ఆగలేదు. ఏప్రిల్ పద్దెనిమిదిన అవనిగడ్డలో స్త్రీల మైత్రి సభలు. చుట్టుపక్కల నలభై సంఘాల ఆడవాళ్లు వస్తారు. "మారని దేవుడు" అన్న విషయం మీద ముఖ్య ప్రసంగం దయామణమ్మగారు. ఏటా బందరు నుంచో బెజవాడ నుంచో దొరసానుల్లాంటి వాళ్లని పిలిచేవాళ్లు. ఈసారి దివిసీమ మనిషినే పిలిచారు. మెడ నొప్పిగా ఉంది, తల ఎత్తుకుని తిరిగి.

నీ ప్రశ్నకు జవాబు. ముప్పైరెండేళ్లు ఆలోచించాను కాబట్టి శ్రద్ధగా చదువు. నీ మనవడు ఆరిఫ్ నడక నేర్చుకునే రోజుల్లో మీ ఇంటికొచ్చాను. బడి మొత్తం వణికే గౌసియా బేగం టీచరు నేల మీద మోకాళ్ల మీద పాకుతోంది, వాడికి ఎదురుగా, వాడంత ఎత్తులో. నువ్వు మారిపోయావా అప్పుడు? మర్నాడు మీ బడికొస్తే నా ఎదురుగా పిల్లల చేత గోడకుర్చీ వేయించావు గదా. ప్రేమ ఉన్నవాడు వంగుతాడు. వంగడం మార్పు కాదు. తొట్లో పడుకున్నవాడూ లోకాలు చేసినవాడూ ఒకడేనని, నిన్నా ఇవాళా రేపూ ఒకడేనని మేం నమ్ముతాం. నువ్వు నమ్మక్కర్లేదు. కానీ నేను గంట కోసం చూశానని మాత్రం ఇంకెప్పుడూ అనకు.

నీ
దయామణి


భవానీపురం
1 మార్చి 1998

దయా,

ఈ ఉత్తరం ఆరిఫ్ దగ్గర నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని రాస్తున్నాను. ఒక్కో అక్షరం చింతగింజంత. పేజీకి ఎనిమిది వరసలే పడుతున్నాయి, కాబట్టి క్లుప్తంగా.

కిందటి ఉత్తరం అడుగున, సంతకం తర్వాత, నీకొక ప్రశ్న వేశాను. పెన్సిలుతో, తేలిగ్గా రాశాను. జవాబు తప్పకుండా రాయమన్నాను. నువ్వు రాయలేదు. ప్రశ్న అడిగితే జవాబు ఇవ్వకుండా ఉండటం నీ జన్మలో లేదు. నీకది కనపళ్లేదు.

నీకు కళ్లు కనపట్టంలేదు దయా. ఎన్నాళ్లయింది?

మా కోడలు అఫ్సా కళ్లాసుపత్రిలోనే నర్సు. శుక్లాలైతే ఆపరేషనుకి అరగంట పట్టదంటోంది. బస్సెక్కు. స్టాండుకి నేనొస్తాను.

ఆ ప్రశ్న ఏంటో చెప్పను. నీ అంతట నువ్వే చదువుకోవాలి.

నీ
గౌసియా


కొత్తపాలెం
9 మార్చి 1998

గౌసియా బేగంగారికి,

మీకు లెక్కలు వచ్చు. కంటి వైద్యం రాదు. నాకు కనపడాల్సినంత కనపడుతోంది. ఈ విషయం మళ్లీ ఎత్తవద్దని మనవి.

దయామణి


కొత్తపాలెం
30 మార్చి 1998

గౌసియా,

మూడు వారాలు చూశాను. నువ్వు రాయలేదు. ఎత్తవద్దంటే ఎత్తకుండా ఉండేదానివి కాదు నువ్వు. ఈ ముసలితనంలో మాట వినడం ఎక్కడ నేర్చుకున్నావు?

పొద్దున పది గంటలకు మా అరుగు మీద ఎండ పడుతుంది. ఆ గంటలో కుడి కంటికి ఆనించుకుంటే ముదురు సిరా కనపడుతుంది. నీ ఉత్తరాలు అలాగే చదువుకుంటున్నాను. మిగతా వేళల్లో నా లోకం అంతా గంజి పోసినట్టు ఉంటుంది.

ఇక విను. డిసెంబరులో కార్డులు ముందేసుకుని కూర్చున్నాను. వాక్యాలన్నీ నాకు నోటికి వచ్చు, నీకు తెలుసు. నోటికి వస్తే చాలదు. పంక్తి ఎక్కడ తిప్పాలో, కార్డు ఎక్కడ అయిపోతుందో కన్ను చెప్పాలి. మొదటిది రాసి వేలితో తడిమితే తడి సిరా బల్ల మీదికి పాకింది. రెండోదీ అంతే. పన్నెండు కార్డులు పొయ్యిలో పెట్టాను.

నాకొక అలవాటుంది. కొత్త పాళీ వేసినప్పుడల్లా సరిచూసుకోవడానికి ముందు ఆ ఒక్క వాక్యమే రాస్తాను. ఉప్పెన తర్వాత ఒక్క రోజున ముప్పైనాలుగు సార్లు రాసింది, ఆ మీద ఇరవై ఏళ్లు. నాలుగు వరసలు, ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో చేతికే తెలుసు. ఆ రోజు చేతికి వచ్చిన వాక్యం అదొక్కటే. నూటపదమూడు సార్లు అదే రాశాను. ఎవరూ గమనించరనుకున్నానో, గమనిస్తే చూద్దాంలే అనుకున్నానో, ఇప్పుడు చెప్పలేను. నా చేత కాదు, ఇంకెవరికైనా ఇవ్వండి అనడం మాత్రం నా వల్ల కాలేదు. కమిటీలో ఇద్దరు అప్పటికే బెజవాడ నుంచి అచ్చు కార్డులు తెప్పిద్దామంటున్నారు, గులాబీ పూల బొమ్మలతో. ఆ పూలు తల్చుకుంటేనే నాకు వాంతి.

కాబట్టి లెక్క వేసుకో. చర్చిలో లాటరీ అని చెప్పాను. పాస్టరుతో ఉప్పెన అని చెప్పాను. నీతో పాళీ అని చెప్పాను. మారనివాడి గురించి రాసి నేను మూడుసార్లు మాట మార్చాను. ఇప్పుడు నలభై సంఘాల ముందు నిలబడి ఆయన మారడని ఉపదేశం చెప్పాలి. కరపత్రాలు అయిదు వందలు అచ్చయ్యాయి. వాటి మీద నా పేరు లావుపాటి అక్షరాల్లో ఉందట. నాకు కనపళ్లేదు.

ఇంకొకటి నీకు ఎప్పుడూ రాయలేదు. ఉప్పెనలో ఇశ్రాయేలు భార్యా ఇద్దరు పిల్లలూ పోయారు. ఆ జనవరిలో కార్డు తీసుకుని నన్ను అడిగాడు, "టీచరుగారూ, సముద్రం వచ్చిన్నాడు కూడా మారలేదాండీ ఆయన?" అని. పాతికేళ్లవాడు. జవాబు చెప్పలేక పక్కవాళ్ల కార్డు ఇచ్చే పనిలో పడ్డాను. ఇక్కడ మాత్రం గంట కోసం చూశానని నువ్వు అనొచ్చు. ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసింది ఇంతే. ఆ పొద్దున ఎవరినైతే తిట్టామో మాపటికి ఆయన్నే పిలిచాం, ఇంకెవరూ గుర్తు రాలేదు. పిలిస్తే ఉన్నాడు. తిట్లు తిన్నవాడు మొహం తిప్పుకోలేదు. మారడని నేను అనేది దాన్ని.

అది నాకు దక్కిన నిజం. దాన్ని తెచ్చి నా గుడ్డితనం మీద ముసుగు వేశాను.

ఏం చెయ్యమంటావు?

దయ


భవానీపురం
6 ఏప్రిల్ 1998

దయా,

బక్రీదు పనుల్లో ఉన్నాను. అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్కెచ్ పెన్నే మళ్లీ.

నీకు నేను ఏం చెప్పాలి? ఫిబ్రవరిలో నువ్వే నాకు చెప్పావు. వంగడం మార్పు కాదు అని. ఆ ముక్క నేను డైరీలో రాసుకున్నాను, ముప్పైరెండేళ్ల తర్వాత నీ పాఠంలో నాకు పనికొచ్చింది ఒకటి దొరికింది గదా అని. మీ దేవుడు తొట్టి దాకా వంగాడంటావు. నువ్వు అవనిగడ్డ స్టేజీ మీద వంగలేవా? వంగితే దయామణివి కాకుండా పోతావా?

చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. కళ్లు మాత్రం నీ ఇష్టం కాదు, అవి నావి. నా ఉత్తరాలు చదవాల్సినవి అవే. ఎండలు తగ్గాక ఆగస్టులో ఆపరేషను. అఫ్సా డాక్టరుగారితో మాట్లాడేసింది.

గులాబీ పూల విషయంలో నేను నీ పక్షమే.

నీ
గౌసియా


కొత్తపాలెం
22 ఏప్రిల్ 1998

గౌసియాకు,

వంగాను. నడుం పట్టేసింది, అయినా చెబుతాను.

మా ఆడవాళ్లందరం ఇశ్రాయేలు ట్రాక్టరు మీద వెళ్లాం. పందిరి నిండా జనం. జనం అన్నది చప్పుడుబట్టి చెబుతున్నాను. ముందే శాలువా కప్పారు. ఏప్రిల్లో, దివిసీమలో, ఉన్ని శాలువా. సన్మానమో శిక్షో అర్థం కాలేదు. లాజరుగారు నన్ను పరిచయం చేస్తూ మా తరం ప్రవక్త్రి అన్నాడు. ఆ మాటతో నాకు లోపల ఏదో తెగింది.

మైకు పట్టుకుని అన్నాను, "మారని దేవుడి గురించి చెప్పమని పిలిచారు. ఆయన గురించి రాసి మూడుసార్లు మాట మార్చిన మనిషిని పిలిచారు. ఈ కరపత్రంలో ఉన్నది నా తెలివి కాదమ్మా. నాకు కళ్లు కనపట్టంలేదు. వేరే వాక్యం రాయడం చేత కాక అదే రాశాను. ఆ సంగతి చెప్పడం నామోషీ అయి కథలు చెప్పాను. ముందుగా మా ఊరివాళ్లని క్షమించమంటున్నాను, ఎవరికీ తెలియకుండా ఇన్నాళ్లూ..."

పందిరి గుంజ దగ్గర్నుంచి ఇశ్రాయేలు గొంతు వినపడింది. "మాకు తెలుసండీ."

"ఏం తెలుసయ్యా?"

"తమరికి కనపట్టంలేదని. కోతల పండగప్పుడు నా చెయ్యి పట్టుకుని 'శౌరమ్మా, మోకాళ్ల నొప్పులు తగ్గాయా' అన్నారండీ. నేను పంచె కట్టుకునున్నాను."

అయిదారు వందల మంది ఆడవాళ్లు ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో నువ్వు వినలేదు. శౌరమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. నేను ఆగి, "మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే తమరు ఊరుకుంటారాండీ?" అన్నాడు. "ఆ కార్డులు కూడా చదివింది కాదండీ. అందులో ఏముందో ఎవరికి తెలుస్తుంది, కోడి గీరినట్టుంటే. ఉప్పెన నాటి వాక్యంలాగుందని పోల్చుకుని చెప్పాను."

అదీ సంగతి. నేను ఊరంతటినీ మోసం చేస్తున్నాననుకున్నాను. ఊరంతా కలిసి నన్ను కాపాడుకుంటోంది. నా గుట్టు రట్టయిందని తెలియనివాళ్లు ఇద్దరే, లాజరుగారూ నేనూ.

ఆ తర్వాత రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, పొద్దున తిట్టి మాపున పిలిచిన సంగతి చెప్పాను. నీకు రాసినట్టే. ఇశ్రాయేలు పేరు చెప్పలేదు. చెప్పేటప్పుడు ఎవరూ నవ్వలేదు. మనం మారిపోతాం, మన కళ్లూ మాటలూ మారిపోతాయి, ఆయన మనలా మారేవాడైతే ఆ మాపటికి మనకు దిక్కెవరు అన్నాను. మామూలుగా నా ప్రసంగం అయ్యాక ఎవరు మెచ్చుకున్నారో పేర్లు గుర్తు పెట్టుకుంటాను. ఈసారి కనపళ్లేదు కాబట్టి ఆ పాపం తప్పింది.

లాజరుగారు ట్రాక్టరు దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "వాక్యం తప్పు కాదు గదండీ టీచరుగారూ. కరపత్రంలో కారణం ఒక్కటీ దిద్దుకుందాం," అన్నాడు. కుర్రాడు పైకొస్తాడు. ప్రవక్త్రి అనే మాట మాత్రం మానాలి.

ఆగస్టులో వస్తాను. స్టాండులో నువ్వే వచ్చి నన్ను గుర్తుపట్టు. నేను శౌరమ్మా అంటే పలుకు.

నీ
దయామణి


భవానీపురం
10 సెప్టెంబరు 1998

దయా,

నువ్వు వెళ్లి పన్నెండు రోజులైంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది, బాగా లేదు.

పట్టీ విప్పినప్పుడు డాక్టరుగారు, అఫ్సా, నేను నీ నోటి నుంచి ఏం వస్తుందా అని చూస్తున్నాం. ప్రార్థన వస్తుందని అఫ్సా అనుకుంది. నువ్వు నన్ను చూసి, "ఇంత ముసలిదానివి ఎప్పుడయ్యావే?" అన్నావు. డాక్టరుగారు ఆ రోజంతా వార్డులో చెప్పుకుని నవ్వాడట. అది విని నాకు ఏడుపొచ్చిందని నీకు చెప్పలేదు. నువ్వు ఎన్నాళ్లుగా నన్ను చూడటం లేదో అప్పుడు తెలిసింది.

అఫ్సా చెప్పమంది: చుక్కల మందు మానొద్దు, పొయ్యి దగ్గర కూర్చోవద్దు, తల మీద నీళ్లు పోసుకోవద్దు. అరిసెలు వండొద్దని నేను చేర్చాను.

ఇందులో కార్డు పెట్టాను. జనవరిలో నాది కాకుండా వచ్చిన రెండోది. నీ వంతు పళ్లెంలో మిగల్లేదన్నావు, ఎనిమిది నెలలుగా నా బీరువాలో ఉంది. నువ్వు ఇక్కడున్నప్పుడే ఇద్దామనుకున్నాను. కొత్త కళ్లు, కాస్త గట్టిపడనీ అని ఆగాను.

నీ
గౌసియా


కొత్తపాలెం
29 డిసెంబరు 1998

గౌసియాకు,

మళ్లీ రంజాను. ఈసారి అరిసెల ఊసెత్తను. గారెలు వండాను.

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం నువ్వు పంపిన కార్డు. కవరు విప్పి, కార్డు ముందూ వెనకా తిప్పి చూశాను. అది నా రాతా? రెండో వరస కార్డు దాటి పోయింది. నాలుగో వరస మూడోదాని నెత్తి మీద ఉంది. మారనివాణ్ణి అన్న మాటకు గుడి మీద గుడి పడింది. ఒకటో తరగతి పిల్ల ఇలా రాస్తే మెత్తగా నాలుగు వేసేదాన్ని. ఇలాంటివి ఊళ్లో ఇంటింటి గోడకీ ఉన్నాయి, మేకు కొట్టి, కొందరైతే అద్దాల పటం కట్టించి.

మర్నాడే బయల్దేరాను. చేతిలో కొత్త కార్డులు, అదే వాక్యం, ముత్యాల్లాంటి రాత. పాతవి ఇచ్చేసి ఇవి తీసుకోండన్నాను. శౌరమ్మ కొత్తది తీసుకుని, పాతది ఇవ్వనంది. "చదువు రానిదానికి రెండూ ఒకటే గదమ్మా, ఏదో ఒకటి ఇవ్వు," అన్నాను. "రెండూ ఒకటే అయితే తమరికెందుకండీ?" అంది. తెలుగు టీచరు కొత్తది కూడా అక్కడే వదిలి పక్కింటికి నడిచింది. అలా పదిహేడు ఇళ్లు. ఒక్కరూ ఇవ్వలేదు.

చివర ఇశ్రాయేలు ఇల్లు. అతని కార్డు గోడ మీద కూడా లేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, మడతల దగ్గర చిరుగుతోంది.

"సిగ్గుగా ఉందయ్యా, అది ఇచ్చెయ్యి," అన్నాను.

"ఉప్పెన ఏడు తమరు ఇచ్చారు చూడండీ ఒకటి, చక్కగా రాసి. దాన్ని కాలవలో పారేశానండీ, ఆ వేళే," అన్నాడు. "ఇది ఇయ్యను."

మజ్జిగ ఇచ్చాడు, తాగి వచ్చేశాను. ఇరవై ఏళ్ల కిందట నేను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు అతను ఎప్పుడు ఏం జవాబు చెప్పుకున్నాడో నాకు తెలియదు. చెప్పుకున్నది నా రాత చూసి మాత్రం కాదు. కోడి గీరిన గీతల వెనక ఎవరున్నారో అతనికి ముందే తెలుసు.

నా కార్డు నేనూ గోడకు కొట్టించాను. నా గర్వానికి రోజూ పొద్దున్నే ఒక మొట్టికాయ.

పూర్తిగా పోయిందనుకోకు గర్వం. అచ్చు కార్డుల సంగతి కమిటీలో మళ్లీ వచ్చింది. ఇశ్రాయేలు లేచి, "టీచరుగారికి కనపడనప్పుడే తెప్పించలేదు, కనపడుతుంటే తెప్పిస్తారా?" అన్నాడు. గులాబీలు రాలిపోయాయి. ఈ ఏడు నూటపద్నాలుగు ఇళ్లు, నూటపద్నాలుగు వేరువేరు వాక్యాలు. నిన్నటితో పూర్తయ్యాయి. వరసలు చూస్తే నీ హెడ్మిస్ట్రెసు సమాధిలోంచి లేచి వచ్చి నిన్ను మళ్లీ తిడుతుంది. ఇశ్రాయేలుకి కొట్లు నిండే వాక్యం పడాలని నా కోరిక. పళ్లెంలో ఏది ఎక్కడ పెట్టానో ఎవరికీ చెప్పను.

ఇవాళ పొద్దున పాత ఉత్తరాలు సర్దుతుంటే నీ జనవరి ఉత్తరం చేతికొచ్చింది. సంతకం కింద పెన్సిలు రాత. ఎంత తేలిగ్గా రాశావే, చీమ నడిచినట్టు. ఏడాది ఆలస్యంగా చదివాను. "వచ్చే ఏడు నాకు ఏ వాక్యం రాస్తావు?" అని అడిగావు.

జవాబు ఇందులో పెట్టాను. పోయినేటిదే. ఈసారి చూసి రాశాను.

నీ
దయామణి